దివిటీవాళ్ళ పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని పోయిన నెల శ్రీరంగం నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆమె తమ్ముడి కూతురు. ఆ అమ్మాయికి తెలుగు రాదు, నాకు తమిళం అరకొర. మధ్యలో లైను కట్టయి మళ్ళీ కలిసింది. మిషన్ మీద ఎవరిదో పెళ్ళి జాకెట్టు ఉంటే, కుడుతున్న చెయ్యి కుడుతూనే పోయింది. దారం తెంపాక ఏడుపొచ్చింది. రాజంపేట బజారులో పట్టపగలు కుట్టు షాపులో కూర్చుని ఏడిస్తే జనం ఊరుకుంటారా? మా పెద్దమ్మ పోయిందన్నాను. మీ అమ్మకు అక్కలే లేరుగదా, ఏ పెద్దమ్మ అన్నారు. వాళ్ళకు అప్పుడు చెప్పలేకపోయాను, అందుకే మీకు రాస్తున్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. కులం వేరు, భాష వేరు. కువైట్ మీదికి ఇరాక్ సైన్యం రావడానికి కొన్ని నెలల ముందు నేను రియాద్‌లో ఒక ఇంటికి పనికి చేరాను. ఆ ఇంట్లో అప్పటికే ఆమె వంట చేసేది. నాది ఊడ్చి, తుడిచి, బట్టలుతికే పని. యజమానిని బాబా అనాలి, ఆయన భార్యను మామా అనాలి. తిట్లు తినేటప్పుడు కూడా నాన్నా, అమ్మా అని పిలుచుకుంటూ తినడమన్నమాట. వాళ్ళ పిల్లలు కాక, బాబా తల్లి ఒక ముసలావిడ ఉండేది. చూపు సరిగా ఆనేది కాదు, అయినా ఇంట్లో ఎవరు ఏ మూల నిలబడ్డారో చెప్పేసేది. మా ఇద్దరి పాస్‌పోర్టులూ బాబా బీరువాలో ఉండేవి. ఆయన సంతకం పెట్టి ఎగ్జిట్ తెప్పిస్తేనే మేము ఊరికి పోయేది.

చేరిన కొత్తలో ఒక పొద్దున వంటింట్లోకి పోతే, పెద్దమ్మ ఉల్లిపాయలు కోస్తూ గొంతులోపలే ఏదో పాడుకుంటోంది. నాకది తెలిసిన పాటే. ధనుర్మాసంలో మా ఊరి గుళ్ళో అయ్యగారు చదివేది, తిరుమలలో ఆ నెలంతా తెల్లవారుజామున వినపడేది. అయ్యగారి నోట వస్తుంది కాబట్టి అది సంస్కృతమనే అనుకుంటూ పెరిగాను. మా ఊళ్ళో ఎవర్ని అడిగినా అదే చెప్తారు. పొయ్యి ముందర, ఉల్లిపాయల చేత్తో మంత్రాలేమిటని నాకు భయమేసింది.

"ఏంది పెద్దమ్మా, ఎంగిలి గిన్నెల కాడ మంత్రాలు సదువుతాండావు? పాపం గాదా?"

ఆమె నవ్వింది. వాళ్ళ వీధిలో తెలుగు నాయుళ్ళు ఉండేవాళ్ళట, ఆమె మాట్లాడే తెలుగు వాళ్ళ దగ్గర పట్టిందే, నన్ను మాత్రం కణ్ణు అనే పిలిచేది, మన బంగారూ అన్నట్టు. "మంత్రమా? ఇది తమిళ్ కణ్ణు. మా ఇంట్లో ఉల్లిపాయలు ఎంత అని అడిగే భాషే ఇది. ఈ భాషలోనే ఆళ్వార్లు స్వామిని పిలిచినారు. ఆయన పలికినాడు."

వాళ్ళ భాషలో కోవిల్ అంటే గుడి, కానీ ఆమె కోవిల్ అందంటే శ్రీరంగమే. వాళ్ళలో అంతేనట, పేరు పెట్టకుండా కోవిల్ అంటే ఇంకో గుడి లెక్కలోకి రాదు. ఆళ్వార్లు పాడిన నూట ఎనిమిది క్షేత్రాల్లో అదే మొదటిది. కావేరికి, దాని పాయ కొల్లిడానికి మధ్యన లంక, చుట్టూ ఏడు ప్రాకారాలు, ఆ ప్రాకారాల మధ్యే వీధులు, ఇళ్ళు, అంగళ్ళు. "ఊళ్ళో గుడి కాదు కణ్ణు, గుడిలోనే ఊరు. పాలు తెచ్చేదానికి పోతే రెండు గోపురాలు దాటల్ల" అనేది. పెద్ద గోపురం వందల ఏళ్ళు మొండిగా నిలిచిపోయి, ఆమె కళ్ళ ముందే పూర్తయింది. అది పూర్తయిన మరుసటేడు ఆమె సౌదీకి వచ్చింది. నేనైతే ఇంకొన్నాళ్ళుండి కళ్ళారా చూసుకునేదాన్ని అని వేళాకోళమాడితే, "గోపురం అన్నం పెట్టదు" అంది.

రియాద్ బజారు బతాలో మన దేశం సరుకులమ్మే అంగడి నుంచి మామా ఒకసారి ఎండుమిరపకాయలు తెప్పించింది. పొట్లం కట్టింది పాత తమిళ పేపర్లో. పెద్దమ్మ మిరపకాయలు డబ్బాలో పోసి కాగితం విప్పి చూసి నేలమీద కూర్చుండిపోయింది. కాగితం మీద ఆ గోపురం బొమ్మ ఉంది. కారం మరకలు పడి, సగం చెరిగి, కానీ అదే. ఆ ఇంట్లో దేవుడి బొమ్మ కనిపిస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. అలాంటివి పట్టుకోవడానికి బయట ముతవ్వాలు, అంటే మతం పోలీసులు, తిరుగుతుండేవాళ్ళు, దొరికితే జైలు, ఆ తర్వాత విమానం. పారెయ్ పెద్దమ్మా అన్నాను. ఆమె దాన్ని మడిచి, సామాన్ల గదిలో బియ్యం మూటల వెనక గోడకు ఆనించి పెట్టింది.

మరునాడు ఆ గదిలో ఆమె పాడుకుంటుంటే తొంగి చూశాను. బొమ్మకు వీపు పెట్టి నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకుని తెచ్చి, దానికి వీపు పెట్టడమేమిటి? మా వైపు గుళ్ళోంచి బయటికి వచ్చేటప్పుడు కూడా దేవుడికి వీపు చూపించకుండా వెనక్కి నడుస్తాం.

"దేవునికి ఈపు సూపిస్తావా పెద్దమ్మా? ఆ సామితో ఏమన్నా తగాదానా?"

"తిరిగి చూడకూడదు కణ్ణు" అంది. ఆ మధ్యాహ్నం మామా నిద్రపోయాక, బట్టలు మడత పెడుతూ చెప్పింది. శ్రీరంగంలో స్వామి వీధిలోకి వస్తే, ముందు తమిళ పాటలు పాడేవాళ్ళు నడుస్తారు. వాళ్ళ వెనక స్వామి. స్వామి వెనక వేదం చదివేవాళ్ళు. "స్వామి తమిళ్ వెంటబడి పోతాడు. వేదం స్వామి వెంటబడి పోతుంది." పాడేవాళ్ళు వెనక్కి తిరగరు. ఆయన వస్తున్నాడని నమ్మి నడవడమే. పెద్దమ్మవాళ్ళు పాడే ఇంటివాళ్ళు కాదు, వాళ్ళది దివిటీ పట్టే ఇల్లు. పాడేవాళ్ళకూ పల్లకికీ మధ్య ఆమె నాన్న దివిటీతో నడిచేవాడు. ఆయనా తిరిగి చూడడు, చూస్తే వెలుగు ఊగుతుందని. ఆ పాటలన్నీ ఆయన అలా నడిచి నడిచి వింటే వచ్చినవి, ఇంటికొచ్చి పాడుకుంటే కూతురికి వచ్చినవి.

"ఒక్కనాడు గూడా ఊరేగింపులో స్వామి మొహం చూడలే మా నాన్న. నేను చూసేదాన్ని. వీధిలో ఎదురుగా నిలబడితే ముందర నాన్న మొహం, ఎనకాల స్వామి మొహం. రెండూ ఒకటే వెలుగులో." అని చేతిలో బట్ట మడిచి పెట్టి, "నాన్న ముసలాడైపోయినాడు. ఇంకొక్కసారి అట్ల చూడల్ల" అంది.

ఆమెకు కావలసింది అంతే. నగలు, ఇల్లు, పొలం అని నేను లెక్కలేసుకుంటుంటే, ఆమె ఆ ఒక్క సాయంత్రం కోసం రోజులు దొర్లించేది. మార్గళికి, అంటే మన ధనుర్మాసానికి, పంపిస్తానని బాబా మాట ఇచ్చాడు. ఆలోపలే కువైట్ ఇరాక్ చేతిలోకి పోయింది. రియాద్ నిండా అమెరికా సైనికులు, ఎప్పుడు ఏమవుతుందోనన్న మాటలే. కాగితాల పనులు తర్వాత చూద్దామన్నాడు బాబా. మార్గళి వచ్చింది, పోయింది. పెద్దమ్మ వేళ్ళమీద నెలలు జరుపుకుని, "పంగుణి నెల ఉంది గదా, మార్చిలో వస్తుంది, అప్పుడు వీధి ఊరేగింపు ఇంకా బాగుంటుంది" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

యుద్ధం మొదలవగానే బాబా పెళ్ళాం పిల్లల్ని తీసుకుని జెద్దాలో చుట్టాలింటికి పోయాడు. ముసలావిడ కదలనంది. నా ఇంట్లోనే చస్తానని మంచం పట్టీ పట్టుకుంది. ఆవిణ్ణి చూసుకోవడానికి మేమిద్దరం మిగిలాం. పోయేముందు బాబా మెట్ల పక్క గదిలో కిటికీలకు ప్లాస్టిక్ షీటు వేసి టేపు అంటించాడు. సైరన్ వస్తే అందులోకి పొమ్మన్నాడు. గ్యాసు మాస్కు ముసలావిడకు ఒకటి ఇచ్చాడు. మాకు తడి తువ్వాళ్ళు.

ఆ రోజుల్లో పెద్దమ్మ నాకొక కథ చెప్పింది. ఎప్పుడో పాతకాలంలో శ్రీరంగం మీదికి సైన్యాలు వస్తే, ఉత్సవమూర్తిని ఎత్తుకుని కొందరు రాత్రికి రాత్రి ఊరు దాటారట. ఊళ్ళు తిరిగి, అడవులు తిరిగి, చివరికి తిరుమల కొండ మీద చాలా ఏళ్ళు దాచారట. "మీ కొండ మీదే కణ్ణు. మీ ఊళ్ళవాళ్ళే కాపాడినారు." యుద్ధాలు సద్దుమణిగాక మళ్ళీ తన గుడికి చేరుకున్నాడు. "స్వామికే పరదేశం తప్పలేదు. ఆయనా తిరిగి పోయినాడు గదా, మనమూ పోతాం." ఆయన దగ్గర పాస్‌పోర్టు ఎవరూ లాక్కోలేదులే అన్నాను. భయంలో నా నోరు అలాగే ఉంటుంది. ఆమె నవ్వలేదు.

ఒక సాయంత్రం ముసలావిడకు రొట్టె, చారు పెడుతుంటే సైరన్ మోగింది. లైట్లన్నీ ఆర్పేయాలి. ముసలావిడ గది ఇంటికి ఒక కొసన, టేపు వేసిన గది ఇంకో కొసన, మధ్యలో పొడుగు నడవా. ఎక్కడో దూరంగా పెద్ద చప్పుడైంది, కిటికీ అద్దాలు గడగడలాడాయి. ముసలావిడ గోడ పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళు కనపడవు, అడుగు వెయ్యదు. యల్లా, యల్లా, పదమ్మా అని నేను చెయ్యి పట్టి లాగితే పిడికిలితో కొట్టింది. మాస్కు తొడగబోతే విసిరేసింది. ఇంకాసేపైతే నేను అక్కడే కూర్చుండిపోయేదాన్ని.

పెద్దమ్మ వంటింట్లోంచి టార్చిలైటు తెచ్చింది. మా ముందుకు పోయి నిలబడి, మావైపు చూడకుండా, "ఆమె చెయ్యి నీ భుజం మీద పెట్టుకో. నేను పాడతా. గొంతు వినపడే దిక్కుకు రండి" అంది. పాడటం మొదలుపెట్టింది. గొంతులో దాచుకుని పాడే పాట కాదది. వీధిలో పాడినట్టు నోరారా పాడింది. ఆ ఇంట్లో ఆ పాట అంత గట్టిగా ఎవరైనా పాడతారని నేను కలలో కూడా అనుకోలేదు. టార్చి నేలమీదికి పట్టుకుని, నిదానంగా, ఒక్కొక్క అడుగే. ముసలావిడ వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి, కానీ కదిలింది. బయట ఇంకో చప్పుడు. చలికి నడవాలో నేల రాళ్ళు పాదాలను కొరుకుతున్నాయి. పెద్దమ్మ ఆగలేదు, వెనక్కి తిరగలేదు, వెలుగు ఊగలేదు. తలుపు వేసి తడి తువ్వాలు కింద కుక్కేదాకా పాట ఆపలేదు.

ఆ తర్వాత సైరన్ వచ్చినప్పుడల్లా ముసలావిడ తనే చెయ్యి చాపేది. "ఆ పాడేమనిషి ఏదీ?" అని అడిగేది. ఏం పాడుతున్నావని మాత్రం ఎన్నడూ అడగలేదు.

యుద్ధం ఆగింది. జెద్దా నుంచి అందరూ వచ్చారు. పంగుణికి పంపిస్తానని బాబా మళ్ళీ మాట ఇచ్చాడు, ఈసారి పాస్‌పోర్టు కూడా బీరువాలోంచి బయటికి తీశాడు. పెద్దమ్మ నాన్నకని ఒక కంబళి కొనుక్కుంది. ఆ వారంలోనే ఒక రోజు అందరూ కూర్చుని కాఫీ తాగుతున్నారు. ముసలావిడకు మామూలుగా ఎవరిమీదా అంత ప్రేమ పొంగదు. ఆ రోజు పొంగింది.

"ఆ చీకట్లో పాడావే, అది పాడు బిడ్డా. నా కోడలు వింటుంది."

మామా కప్పు కింద పెట్టింది. "ఏం పాట?"

నాకొచ్చిన అరబ్బీ ముక్కల్లో గబగబా అందుకున్నాను. "పిల్లల్ని పండబెట్టేది మామా. మా దేశంలో అమ్మలందరూ పాడేదే."

అక్కడితో అయిపోయేది. పెద్దమ్మ తల ఊపితే చాలు. ఆమె చేతిలో పళ్ళెం ఉంది, దాన్ని నేలమీద పెట్టి, నిలబడి చెప్పింది. "లేదు మామా. అది మా ఊరి దేవుడి పాట."

మామాను నేను రాక్షసి అని రాయను. చెడ్డది కాదు, భయపడింది. పక్కింటివాళ్ళకు తెలిస్తే, పిల్లలు బడిలో ఎవరికైనా చెప్తే అని వణికిపోయింది. కానీ భయపడ్డ మనిషి చేతిలో మన పాస్‌పోర్టు ఉంటే మన బతుకేమవుతుందో పనికిపోయిన ఆడవాళ్ళను అడగండి. ముతవ్వాలకు చెప్పకపోవడమే గొప్ప దయ అన్నారు అందరూ. మామా తమ్ముడికి ఉనైజా అనే ఊళ్ళో ఖర్జూరం తోట ఉంది, ఆ ఇంటికి వంటమనిషి కావాలట. అక్కడికి పంపేశారు. కొత్త యజమాని అంటే కొత్త కఫీల్, ఆయన పేరు మీద కొత్త ఇకామా కార్డు. కొత్త కఫీల్ కింద సెలవు లెక్క మళ్ళీ మొదటినుంచీ మొదలు. ముసలావిడకు ఇదేదీ అర్థం కాలేదు. పాడేమనిషి ఏదని చాలా రోజులు అడిగింది.

పెద్దమ్మ మూట కట్టుకుంటుంటే నేను తిట్టాను. ఏడుస్తూనే తిట్టాను.

"ఒక్క అబద్దం సెప్పింటే నీ సొమ్మేం పోయేది? వారం తిరిగితే మీ నాయిన కాడ ఉండేదానివి గదా."

"నువ్వు చెప్పింది తప్పని కాదు కణ్ణు." కంబళి మూటలో అడుక్కి సర్దింది. "ఆ ముసలామె ఆ పాటను నమ్మి నడిచింది. ప్రాణం దాని చేతిలో పెట్టి నడిచింది. ఇప్పుడు అది ఏమీ కాదు, జోలపాట అని ఎట్ల చెప్పేది?"

గోపురం కాగితం నాకిచ్చి పోయింది. ఆమె కారెక్కాక నేను దాన్ని పొయ్యిలో వేశాను. నాకు అంత ధైర్యం లేదు, ఉందని చెప్పుకోను.

మళ్ళీ ఆమెను చూసింది రెండో ఏడు, వాళ్ళ ఈద్ పండక్కి. మామా తమ్ముడి కుటుంబం రియాద్ వస్తూ వంటకు సాయమని ఆమెనూ తెచ్చారు. తోటలో ఎండకు నల్లబడి, బక్కచిక్కిపోయింది. ఖర్జూరాలు ఒక డబ్బాలో తెచ్చింది నాకని. గిన్నెలు తోముతూ చెప్పింది. "నాన్న పోయినాడు. ఈ పంగుణిలోనే. ఉత్సవం అయినాక పోయినాడు, కడదాకా దివిటీ పట్టే పోయినాడు." దివిటీ ఇప్పుడెవరు పడుతున్నారని అడిగాను. తమ్ముడు ఆటో కొనుక్కున్నాడట, నాకొద్దన్నాడట, ఇంకో ఇంటివాళ్ళకు పోయింది. ఆ కంబళి ఏం చేశావని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమె ఏడవలేదు. గిన్నెలన్నీ తోమి, తుడిచి, బోర్లించింది.

నేను ఊరొచ్చేశాను. ఆమె ఇంకా చాలా ఏళ్ళకు గానీ రాలేదు. వచ్చాక నేను శ్రీరంగం పోయాను, కావాలని పంగుణిలోనే. ప్రాకారాల మధ్య సన్న సందులో తమ్ముడింట్లో ఉంది. దివిటీలకు చుట్టే పాతగుడ్డలు చింపి, ఉండలు చుట్టి గుడికి పంపేది. కూలికి కాదు, ఊరికే. ఆ సాయంత్రం ఊరేగింపు వాళ్ళ సందు చివర వీధిలోనే పోతుంది. రా పెద్దమ్మా పోదాం అన్నాను.

"నువ్వు చూసిరా."

"నువ్వు రాకపోతే నేనెందుకు వచ్చిన ఇంతదూరం?"

"నాకు చూసేదానికి ఏముంది కణ్ణు? ముందర నాన్న లేడు."

పట్టుబట్టాను, బతిమాలాను. లేవలేదు. ఒక్కదాన్నే పోయి వీధిలో నిలబడ్డాను. ముందు పాడేవాళ్ళు వచ్చారు, తమిళంలో, నాకు వంటింట్లో తెలిసిన ఆ పాటే. వాళ్ళ వెనక దివిటీ. పట్టినవాడు నడివయసువాడు, చూపు నేరుగా ముందుకే. వెనక పల్లకి, పూలలో సగం మునిగిన స్వామి. ఆ వెనక వేదం. ఎదురుగా నిలబడి ఆ ముందు మొహం, వెనక మొహం ఒకే వెలుగులో చూశాను. ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసి, చేతిదాకా వచ్చి పోగొట్టుకున్నది నాకు ఊరికే దొరికింది. దండం పెట్టుకోవడానికి కూడా చేతులు రాలేదు.

తిరిగొచ్చేసరికి ఆమె అదే చోట గుడ్డలు చింపుతోంది. స్వామి ఎట్లా ఉన్నాడని అడగలేదు. "దివిటీ ఊగిందా?" అంది.

"లేదు పెద్దమ్మా."

"మంచిది" అని ఇంకో గుడ్డ తీసుకుంది.

ఆ తర్వాత ఫోన్లే. పండగలకు, పెళ్ళిళ్ళకు, మోకాళ్ళ నొప్పులకు. సౌదీ సంగతులు ఎత్తేది కాదు. ఒక్కసారి మాత్రం, మాటల్లో మాటగా, "నాన్న ఎట్ల నడిచేవాడో ఆ ఇంట్లో తెలిసింది నాకు" అంది. ఎట్లా అని అడిగితే, దివిటీ నూనె కాలే వాసనొకటే తక్కువంది.

ఆ అమ్మాయి ఫోన్లో ఏదో వివరంగా చెప్తోంది, నాకు సగమే అర్థమైంది. శ్మశానానికి తీసుకుపోయేటప్పుడు చీకటి పడిందట, గుడి తరఫున ఒకరు దివిటీ పట్టుకుని ముందు నడిచారట. ఆ మాట మాత్రం అర్థమైంది.

అప్పటినుంచి మనసులో ఆ రియాద్ ఇంటి నడవాలోనే తిరుగుతున్నాను. భుజంమీద ముసలావిడ వేళ్ళు, పాదాల కింద చల్లటి రాయి, ముందర గొంతు, నేలమీద నిలకడగా జరుగుతున్న వెలుగు. పెద్దమ్మ జుట్టు ముడి, మెడ, వెలిసిన పాత కాటన్ చీర, అన్నీ ఇప్పటికీ కనపడుతున్నాయి. అప్పుడు ఆమె మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు. మేము వెనక ఉన్నాం. ఎదురుగా నిలబడి చూసేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు.